పాత కారు బాగుచేయడం: ఇంట్లోనా, షెడ్డులోనా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్న కారు ప్రీమియర్ పద్మిని, 1979 మోడల్. తొమ్మిదేళ్లు మామిడిచెట్టు కింద టార్పాలిన్ కప్పుకుని పడి ఉంది. దాన్ని సగం నేను, సగం షెడ్డువాళ్లు కలిసి మళ్లీ రోడ్డెక్కించాం. అప్పటినుంచి తెలిసినవాళ్లూ వాళ్లకు తెలిసినవాళ్లూ అడుగుతూ వస్తున్న ప్రశ్నలివి. మన ఇళ్లలో పాత కారంటే ఎక్కువగా అంబాసిడరో పద్మినో కాబట్టి ఆ రెంటినీ దృష్టిలో పెట్టుకునే జవాబులు రాశాను.

ఒక్క ముక్కలో చెప్పండి. నేనే చేసుకోనా, షెడ్డుకివ్వనా?

ఒక్క ముక్కలో తేలదు. ఎందుకంటే కారు బాగుచేయడం అనేది ఒక పని కాదు. రేకు పని, ఇంజను పని, వైరింగు, సీట్ల కుట్టుపని, సామాను వెతకడం, కాగితాలు, ఇవన్నీ వేటికవే. ఎంత పెద్ద షెడ్డుకిచ్చినా వాళ్లూ ఇంజను బ్లాకును బోరింగుకి (అరిగిన సిలిండర్లను మళ్లీ తొలవడానికి) లేత్ షాపుకే పంపుతారు, సీట్లు కుట్టేవాడికే ఇస్తారు. అంతా ఒకే చోట జరుగుతుందనుకోవడం మన భ్రమ.

అందుకని కారు మొత్తానికి కాకుండా ఒక్కో పనికీ విడిగా ఈ ప్రశ్న వేసుకోండి. నా లెక్కలో రేకు, పెయింటు, లేత్ పని బయటికి. విప్పడం, కడగడం, సామాను వెతకడం, వైరింగు, లోపలి బిగింపు ఇంట్లో. బ్రేకులు మీరు చేసినా సరే, పెద్ద మేస్త్రి ఒకసారి చూడకుండా రోడ్డెక్కకండి. చాలా పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే బ్రేక్ లైను ఉంటుంది. ఒక్కచోట కారితే నాలుగూ పోతాయి.

నిర్ణయం తీసుకునే ముందు కారులో ఏం చూడాలి?

తుప్పు. ముందు తుప్పు, తర్వాతే ఇంజను. చాలామంది బానెట్ ఎత్తి, సెల్ఫ్ కొట్టి, ఇంజను స్టార్టయితే కారు బాగున్నట్టే అనుకుంటారు. ఈ కార్లలో ఇంజను తేలిక. అంబాసిడర్‌ 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ కంపెనీ) ఇంజను గానీ పద్మిని 1089 సీసీ ఇంజను గానీ తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి, సామాను కొంతైనా దొరుకుతుంది. రేకు పోతే మాత్రం మళ్లీ పుట్టించాల్సిందే.

అంబాసిడర్ లారీలా గట్టిగా ఉంటుంది కాబట్టి కింద లారీకున్నట్టే విడి చాసిస్ ఉంటుందని మనవాళ్లలో ఒక నమ్మకం. లేదు. రెండు కార్లూ మోనోకాక్ బాడీలే, అంటే బాడీ రేకే బరువంతా మోస్తుంది. ఫ్లోరు, డోర్ల కింద ఉండే పెట్టె లాంటి భాగం, జాకీ ఎత్తేచోటు తుప్పు తింటే పోయేది అందం ఒక్కటే కాదు, కారు వెన్నెముక.

చూడటానికి పెద్ద సామగ్రి అక్కర్లేదు. పల్చటి గుడ్డలో ఒక అయస్కాంతం చుట్టి బాడీ పొడవునా జరపండి. అతుక్కోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. లోపల మ్యాట్లు ఎత్తి స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోరు మీద కొట్టండి. ఠంగుమంటే బతికుంది, డబ్‌మంటే పోయింది. డిక్కీలో స్టెప్నీ కింద, బ్యాటరీ ట్రే కింద, చక్రాల పైనుండే వంపుల్లో చూడండి. విశాఖ, కాకినాడ, బందరు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పెరిగిన కారయితే రెండుసార్లు చూడండి.

అయస్కాంతం అక్కడక్కడా జారితే ఇంటిపని మీద ఆశ పెట్టుకోవచ్చు. డోర్ తీస్తే బాడీ కిందికి వాలి, మళ్లీ డోర్ సరిగ్గా పడట్లేదంటే అది అనుభవమున్న టింకరింగ్ (రేకు పని) షెడ్డు పని. అందులో మీరు చేయి పెట్టకండి.

నాకు స్పానర్ పట్టడం తప్ప ఏమీ రాదు. ఇంట్లో ఏం చేయగలను?

మీరు అనుకుంటున్నదాని కన్నా చాలా ఎక్కువే. పాత కార్ల గొప్పతనమే అది. కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. కళ్లకు కనిపించే మిషను.

ఏళ్ల తరబడి ఆగిన ఇంజనుతో మొదలుపెట్టండి. వెంటనే సెల్ఫ్ కొట్టకండి. ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో కాస్త ఇంజన్ ఆయిల్ పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత కారును న్యూట్రల్‌లో ఉంచి ఇంజనును చేత్తో తిప్పి చూడండి. మెల్లగా తిరిగితే ఆయిల్ మార్చి, అప్పుడు బ్యాటరీ సంగతి చూడొచ్చు. ఇనుప రాడ్డులా బిగుసుకుపోతే బలవంతం చేయొద్దు. పిస్టన్ రింగులు పట్టేసుంటాయి, బలవంతం చేస్తే ఖర్చు రెట్టింపు.

పెట్రోల్ ట్యాంకు దించి కడగడం, కార్బురేటర్ విప్పి శుభ్రం చేయడం, డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు సర్దడం, హోస్‌ పైపులు మార్చడం, రేడియేటర్ దించి క్లీనింగ్‌కి పంపడం, డోర్ల లోపలి గ్లాస్ మిషను బాగుచేయడం, రబ్బర్ బీడింగులు వేయడం. ఇవన్నీ ఆదివారం పనులు. వైరింగు కూడా అంతే. ఎలుకలు కొరికిన హార్నెస్ (వైర్ల కట్ట) చూసి చాలామంది భయపడతారు గానీ, ఈ కార్లలో ఉన్న వైర్లు మన ఇంట్లో ఒక గది వైరింగు కన్నా పెద్ద చిక్కేం కాదు. ఒక్కో సర్క్యూట్ విడిగా, పాత వైరు రంగునే కొత్తదానికి వాడుతూ వెళ్తే అయిపోతుంది. ఫ్యూజులు మాత్రం ఎగ్గొట్టకండి.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. మొదటి ఆదివారం ఉత్సాహంలో రెండు డోర్లు, డాష్‌బోర్డు విప్పేసి బోల్టులన్నీ ఒకే బిస్కెట్ డబ్బాలో వేశాను. విప్పడానికి నాలుగు గంటలు పట్టింది. ఏ బోల్టు ఎక్కడిదో తేల్చడానికి రెండు నెలలు. జిప్ కవర్లు, మార్కర్ పెన్ను, ఫోన్‌లో ఫోటోలు, ఈ మూడూ లేకుండా ఒక్క నట్టు కూడా ముట్టుకోవద్దు. విప్పేముందు ఒక ఫోటో, విప్పాక ఒకటి. వైరు ఎటునుంచి ఎటు వెళ్తుందో వీడియో. పాత కారు తుప్పుతో చచ్చేదానికన్నా ఇలా సంచుల్లో విడిపోయి చచ్చేది ఎక్కువ.

ఏ పనులు ఇంట్లో అస్సలు చేయకూడదు?

పెట్రోల్ ట్యాంకు వెల్డింగ్. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది. పద్మిని ముందు సస్పెన్షన్‌లో కాయిల్ స్ప్రింగులు, అంబాసిడర్‌లో టార్షన్ బార్లు బలంగా బిగుసుకుని ఉంటాయి. సరైన పనిముట్టు లేకుండా వదిలితే చేయి విరుగుతుంది. జాకీ ఒక్కదాని మీద కారు ఆపి కిందికి దూరడం మాట చెప్పక్కర్లేదు, అయినా ప్రతి ఊళ్లో ఒకరు చేస్తూనే ఉంటారు. స్టాండ్లు కొనండి.

పాత బ్రేక్ లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది. డ్రమ్ము తీశాక ఆ దుమ్మును నోటితో ఊదకండి, గాలి కొట్టించకండి, తడిగుడ్డతో తుడవండి. ఇప్పుడు అందరూ అడిగే పీయూ (పాలీయురేథేన్) పెయింటు హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లనే విష రసాయనాలు ఉంటాయి. కరోనా మాస్కుతో దాన్ని కొట్టడం ఊపిరితిత్తులతో ఆటాడటమే. బయటి గాలి అందే మాస్కుండాలి, బూత్ ఉండాలి. కాబట్టి పెయింటు షెడ్డుకే.

మనమే చేస్తే సగం ఖర్చు మిగులుతుంది కదా?

లేబర్ మిగులుతుంది. పనిముట్లు, తప్పుగా కొన్న సామాను, రెండోసారి చేసిన పని కలిపితే మొదటి కారు మీద మిగిలేది అనుకున్నంత ఉండదు. డబ్బు కోసమే అయితే సొంతంగా చేయకండి. ఆదివారం సాయంత్రం గోళ్లలో గ్రీజు ఉంటే మీకు హాయిగా ఉంటుందా, చిరాగ్గా ఉంటుందా? దానికి మీరిచ్చే జవాబే అసలు లెక్క.

మంచి షెడ్డును ఎలా గుర్తించాలి?

అద్దాల తలుపులు, ఏసీ గది చూసి కాదు. ముందు అక్కడ సగంలో ఉన్న కార్లు చూడండి. వాటి మీద దుమ్ము ఎంతుంది? టైర్లలో గాలి పోయి నేలకంటుకున్న కార్లు నాలుగైదు ఉంటే, ఐదోదో ఆరోదో మీదవుతుంది. విప్పిన సామాను ఎక్కడ పెడుతున్నారు? ఒక్కో కారుకూ విడిగా ర్యాకు ఉందా, అంతా ఒక మూల కుప్పగా ఉందా?

తర్వాత మేస్త్రినే అడగండి, ఇదివరకు చేసిన కారొకటి చూపించమని. నిన్న చేసింది కాదు, రెండు వర్షాకాలాలు గడిచినది. కొత్త పెయింటు కింద అందరి పనీ ఒకేలా మెరుస్తుంది. రెండో వానకు పుట్టీ కింద తుప్పు బుడగలు లేస్తే పని బయటపడుతుంది. తుప్పు రేకు కోసేసి కొత్త రేకు అతికిస్తారా, దాని మీదే పుట్టీ పూస్తారా అని కూడా సూటిగా అడగండి. కోస్తామన్నవాడు ఎక్కువ అడుగుతాడు, అడగనివ్వండి.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లారీ బాడీలు కట్టిన చేతులున్నాయి. రేకు వంచడంలో వాళ్లకు సాటి లేదు. కానీ లారీకి సరిపోయే మందం వేరు, పద్మిని మడ్‌గార్డు మందం వేరు. అదే మనిషి కార్లు కూడా చేశాడో లేదో కనుక్కోండి. ఈ కార్ల మీద చేయి తిరిగిన మేస్త్రీలు చాలామంది ఇప్పుడు పెద్దవయసువాళ్లు. అలాంటివారు దొరికితే మర్యాదగా, వారి వీలు చూసుకుని వెళ్లండి. 'బాబాయ్, నా కారు ఎప్పుడవుతుంది' అని రోజూ ఫోన్ చేస్తే పని పాడవుతుంది.

వానాకాలంలో మాత్రం పెయింటు వేయించొద్దు. గాలిలో తడి ఎక్కువుంటే, ముఖ్యంగా పాత పద్ధతి ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు తెల్లబారిపోతుంది. పైగా గీకిన రేకు మీద రాత్రికి రాత్రే తుప్పు చిగురిస్తుంది. గీకిన వెంటనే ప్రైమర్ పడాలి.

డబ్బు ఎలా ఇవ్వాలి? మొత్తం ముందే అడుగుతున్నారు.

ఇవ్వకండి. పనిని ముక్కలు చేసి, ముక్క అయ్యాక ఆ ముక్కకే ఇవ్వండి. రేకు పని అయ్యాక, ప్రైమర్ కొట్టకముందు మీరు చూడాలి. ఇది కచ్చితంగా మాట్లాడుకోండి, ఎందుకంటే ప్రైమర్ పడ్డాక లోపల ఏముందో దేవుడికే తెలియాలి. ఇంజను విప్పాక కొలతలు చూసి అప్పుడు లెక్క వేయమనండి, విప్పకుండా చెప్పిన రేటు ఊహే. సామాను మీరే కొనిస్తారా, వాళ్లు తెస్తారా అన్నది ముందే తేల్చుకోండి. తీసేసిన పాత సామాను తిరిగివ్వాలని చెప్పండి.

ఇదంతా ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం చేయండి. స్నేహం చెడుతుందని నేను రాయించుకోలేదు. మూడు నెలలన్న పెయింటు పద్నాలుగు నెలలు పట్టింది, స్నేహమూ చెడింది. వాళ్లు చెప్పిన మొత్తానికి ఇంకో సగం పక్కన పెట్టుకున్నాకే కారు లోపలికి తోయండి.

స్పేర్ పార్టులు ఎక్కడ దొరుకుతాయి?

హైదరాబాద్‌లో పుత్లీబౌలి, రాణీగంజ్ వైపు పాత కొట్లలో అడిగి చూడండి. పెద్దాయన కౌంటర్‌లో ఉన్న కొట్టయితే అటక మీద ఇంకా ప్యాకింగ్ విప్పని సామాను ఉండొచ్చు. చెన్నైలో పుదుపేట, అంబాసిడర్‌కైతే కోల్‌కతా మల్లిక్ బజార్, పద్మినికైతే ముంబై కుర్లా వైపు.

కానీ ఊటలు ఎండిపోతున్నాయి. అంబాసిడర్ తయారీ 2014 మేలో ఉత్తరపారాలో ఆగింది. ఆ సామానుకు గిరాకీ నిలబెట్టినవి కోల్‌కతా పసుపు టాక్సీలు. పదిహేనేళ్లు దాటిన టాక్సీలు తిరగకూడదన్న నిబంధనతో అవీ తగ్గిపోతున్నాయి. ముంబైలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది. టాక్సీలున్నన్నాళ్లూ ఎవరో ఒకరు రబ్బర్లు, బుష్‌లు, కిట్లు తయారుచేస్తూ ఉండేవారు. ఇప్పుడు కనిపించినప్పుడే కొని పెట్టుకోవాలి. ముఖ్యంగా గ్లాసులు, బీడింగులు, క్రోమ్ సామాను, టెయిల్ ల్యాంపులు. ఇంజను సామాను లేత్ మీద చేయించుకోవచ్చు, పగిలిన టెయిల్ ల్యాంపు అద్దాన్ని లేత్ మీద చేయలేరు.

అందుకే సామాను వేట షెడ్డుకి వదలొద్దంటాను. వాళ్లకు ఇంకో పది కార్లున్నాయి, మీకున్నది ఒకటే.

అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. సెల్లార్‌లో చేసుకోవచ్చా?

కార్బురేటర్, డైనమో, వైపర్ మోటార్ లాంటివి విప్పి పైకి తెచ్చుకుని బాల్కనీలో చేసుకోవచ్చు. కారును సెల్లార్‌లో నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి నెలలు వదిలేస్తే అసోసియేషన్‌లో మీ పేరు మారుమోగుతుంది. సెల్లార్‌లో పెట్రోలు, థిన్నర్ నిల్వ ఉంచడం ప్రమాదం కూడా. తాళం వేసుకోగలిగిన, పైకప్పున్న చోటు లేకపోతే ఇంట్లో పని అన్న మాట మరిచిపోండి. ఊళ్లో పశువుల కొట్టం ఖాళీగా ఉంటే అదృష్టవంతులు.

ఆర్సీ ఎప్పుడో అయిపోయింది. ముందు కారా, ముందు కాగితాలా?

కాగితాలు. కారు మీద ఒక్క రూపాయి పెట్టకముందే.

సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్‌లో ఈ ఫీజును ₹600 నుంచి ₹5,000 చేశారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ₹10,000కు పెంచారు. ఆలస్యానికి కట్టేది, గ్రీన్ ట్యాక్స్ లాంటివి వేరే. రద్దయిన ఆర్సీ, తుక్కుకిచ్చేసినట్టు నమోదైన కారు అయితే ఎంత చవకగా వచ్చినా వదిలేయండి.

నాన్నగారి పేరు మీదుండి ఆయన లేకపోతే, వారసుడి పేరు మీదికి మార్చుకోవడానికి ఫారం 31. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం కావాలి. ఎప్పుడో తీర్చేసిన ఫైనాన్స్ ఆర్సీలో అలాగే ఉండిపోయిందేమో చూడండి. పాత కార్లలో ఇది మామూలే. ఆ కంపెనీయే ఇప్పుడు లేకపోవచ్చు, అప్పుడు తిరుగుడు మొదలు. వేరే రాష్ట్రం కారయితే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తప్పనిసరి, పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. ఢిల్లీలో పాత కార్ల మీద ఆంక్షలు మొదలయ్యాక అక్కడి కార్లు చవకగా వస్తున్నాయి. ఎన్‌ఓసీ చూడకుండా లారీ ఎక్కించకండి.

చాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో సరిచూడండి. పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ ఎక్కించిన అంబాసిడర్లు చాలా ఉన్నాయి, ఆర్సీలో మాత్రం పాత నంబరే ఉంటుంది. టింకరింగ్‌కిచ్చేటప్పుడు చాసిస్ నంబరు కొట్టిన చోటును ఎవరూ కోయొద్దని, పుట్టీతో మూయొద్దని సుద్దముక్కతో చుట్టూ గీత గీసి మరీ చెప్పండి.

వింటేజ్ నంబరు తీసుకోవచ్చట కదా?

మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటితేనే. 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం కొత్త రిజిస్ట్రేషన్‌కు ₹20,000, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. ఇదివరకే రిజిస్టరైన కారు పాత నంబరునే ఉంచుకోవచ్చు. కానీ అలా నమోదైన కారును రోజూ తిప్పడానికి లేదు. ర్యాలీకి, ప్రదర్శనకు, పెట్రోలుకు, రిపేరుకు, అంతే. మా పద్మినికి 2029 దాకా ఆ వయసు రాదు. వచ్చినా నేను తీసుకోను, నాకు దానిలో టిఫిన్‌కి వెళ్లడం ఇష్టం.

ఎలాగూ విప్పుతున్నాం. కొత్త ఇంజను, ఏసీ, పవర్ స్టీరింగ్ పెట్టించేయనా?

ఇంజను మార్చాలంటే ఆర్టీఓ అనుమతి ముందుగా తీసుకోవాలి, ఆర్సీలో ఎక్కించాలి. చట్టం పక్కన పెడితే, ఇంజను మారితే గేర్‌బాక్సు మారుతుంది, బ్రేకులు చాలవు, రేడియేటర్ చాలదు, ఒకదాని వెనక ఒకటి. అలాంటి పని ఇంట్లో మొదలుపెట్టిన వాళ్లలో పూర్తిచేసినవాళ్లు నాకు ఇద్దరే తెలుసు. హాలోజన్ బల్బులు, రిలేలు, మంచి హారన్, వెనక సీటుబెల్టులు పెట్టించండి, తప్పు లేదు.

ఈ20 పెట్రోలుతో (ఇరవై శాతం ఇథనాల్ కలిపినది) పాత ఇంజను పాడవుతుందా?

ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది, గాలిలో తేమను పీల్చుకుంటుంది. కాబట్టి పెట్రోల్ హోస్‌లు, పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ రబ్బర్లు ఇథనాల్ తట్టుకునేవి వేయించండి. ఇది ఇంటిపనే. నెలలు ఆపేస్తే ట్యాంకులో కొద్దిపాటి పెట్రోలు వదలకండి, తేమ దిగి లోపల తుప్పు పడుతుంది.

ఇంజను హెడ్డు దింపితే ఇంకో మాట. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఈ ఇంజన్లు సీసం ఉన్నప్పటివి. సీసం లేకపోతే వీటి ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు మెల్లగా అరిగిపోతాయి. ఎలాగూ లేత్ షాపుకు పంపుతున్నారు కాబట్టి గట్టి వాల్వు సీట్లు వేయించేయండి.

మేం అమెరికాలో ఉంటాం. కారు ఊళ్లో ఉంది. ఫోన్‌లో చూసుకుంటూ చేయించొచ్చా?

ఇంజను పని, సీట్లు చేయించొచ్చు. రేకు పని వద్దు. వీడియో కాల్‌లో పుట్టీకి, రేకుకి తేడా తెలియదు. మీ తరఫున వారానికోసారి షెడ్డుకు వెళ్లి నిలబడే మనిషి ఉండాలి, ఆ మనిషికి కార్లంటే ఇష్టం ఉండాలి. 'మా బావమరిది ఉన్నాడు, చూసుకుంటాడు' అంటే సరిపోదు. ఎవరూ లేకపోతే కారును పొడిగా, కప్పు కింద, చక్రాలు పైకెత్తి ఉంచి, మీరు లాంగ్ లీవు మీద వచ్చేదాకా ఆగండి. పాడైన పనికన్నా ఆగిన పని నయం.

అమ్మితే పెట్టిన డబ్బు వస్తుందా?

చాలావరకు రాదు. మొత్తం షెడ్డులో చేయించిన పద్మినికి అసలే రాదు.

షెడ్డు నుంచి ఇంటికి తెచ్చుకునే రోజు ఏం చూడాలి?

పగటిపూట వెళ్లండి, ట్యూబ్‌లైటు కింద పెయింటు చూడకండి. నాలుగు డోర్లూ ఒక వేలితో తోసి మూయండి. అద్దాలన్నీ దించి ఎత్తండి. కారు మీద బకెట్ నీళ్లు పోసి లోపల కాళ్ల దగ్గర తడి వచ్చిందేమో చూడండి. టైరు పక్కన ఉండే నాలుగంకెలు చదవండి, తయారైన వారం, సంవత్సరం. చాలా పాతవైతే గీతలు బాగున్నా మార్చాల్సిందే.

ఖాళీ రోడ్డు మీద మెల్లగా వెళ్తూ బ్రేక్ వేయండి, పక్కకు లాగితే అక్కడే అప్పగించి వచ్చేయండి. ఇంజను కొత్తగా బోర్ చేయిస్తే మొదటి 500 కిలోమీటర్లు గట్టిగా తొక్కకండి, ఆ తర్వాత ఆయిల్ మార్చండి. వీల్ నట్లు మాత్రం ఇంటికి రాగానే మీరే ఒకసారి, వంద కిలోమీటర్లకు ఇంకోసారి బిగించండి. మాకు ముందు ఎడమ చక్రానివి రెండు వదులయ్యాయి.